తూకం, కొసరు

తెలుగువాళ్ళు ఇంగ్లీషు నుంచి తెచ్చుకుని ఇంట్లో మనిషిలా చూసుకునే మాటల్లో బ్యాలెన్స్ ఒకటి. ఫోన్‌లో బ్యాలెన్స్ అయిపోయిందంటాం. బ్యాంకులో బ్యాలెన్స్ ఎంతుందో చూసుకుని నిట్టూరుస్తాం. బస్సు కండక్టరు టికెట్టు వెనకాల రాసిచ్చే చిల్లర కూడా బ్యాలెన్సే. అది దిగేలోపు గుర్తొస్తే మనది, దిగాక గుర్తొస్తే ధర్మఖాతా. పిల్లాడు సైకిలు మీద పడకుండా నాలుగు గజాలు వెళ్ళాడంటే "నాకు బ్యాలెన్స్ వచ్చేసింది" అని వీధి వీధంతా చాటింపు వేస్తాడు. అమ్మనీ ఆలినీ బ్యాలెన్స్ చేసుకుంటూ వెళ్ళాలని కొత్త పెళ్ళికొడుక్కి పెద్దలు సలహా ఇస్తారు. ఎలాగో మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఇన్ని పనులు చేసే ఈ మాట పుట్టుకలో ఉన్న వస్తువు ఒక్కటే. రెండు పళ్ళేలున్న తక్కెడని లాటిన్‌లో పిలిచిన మాట నుంచి ఇది వచ్చింది. దీని పనులన్నిటికీ మనం తలా ఒక మాట కేటాయించుకున్నాం. వస్తువైతే తక్కెడ, త్రాసు. పనైతే తూకం. రెండూ సరిపోతే సమతూకం. పత్రికల్లో సమతుల్యత, సైన్సు పాఠంలో సమతాస్థితి. కాలికైతే నిలకడ, మనసుకైతే స్థిమితం. పద్దుల పుస్తకంలోకి వచ్చేసరికి శేషం, నిల్వ, బాకీ. ఇంతకీ మొదటి మాటలకీ చివరి మాటలకీ చుట్టరికం ఏమిటి? సరిసమానంగా నిలబడడాన్నీ, ఖర్చు పోగా మిగిలినదాన్నీ ఒకే పేరుతో ఎందుకు పిలిచారు?

దీనికి జవాబు షావుకారు పుస్తకంలో ఉంది. జమ ఒక పక్క, ఖర్చు ఒక పక్క రాసి కూడితే ఆ రెండూ కలిసిన రోజంటూ ఉండదు. తక్కువ పడ్డ పక్కన ఆ తేడా ఎంతో అంతా రాస్తే అప్పుడు రెండు పక్కలూ సమానమవుతాయి. అలా రాసిన అంకె పేరు బ్యాలెన్స్. రెండు పక్కల్నీ నిలబెట్టింది మిగులే అన్నమాట. తెలుగులోనూ ఈ బంధుత్వం దాగి ఉంది. నిల్వ, నిలకడ, నిలదొక్కుకోవడం, ఈ మూడూ 'నిలు' కన్న పిల్లలే. సమతూకం అంటే రెండు పళ్ళేలూ ఒకే ఎత్తున ఆగడమని బడిలో చెప్పారు. అలా ఆగాలంటే ఎక్కడో ఒకచోట కొంత మిగిలి ఉండాలన్న సంగతి మాత్రం నాకు బొయిపరిగుడ ప్రాంతంలో తిరిగాకే తలకెక్కింది.

బొయిపరిగుడ ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో ఒక బ్లాకు కేంద్రం. జయపురం నుంచి మల్కన్‌గిరి వైపు వెళ్ళే 326వ జాతీయ రహదారి మీద ఉంటుంది. ఆ రోడ్డే పట్టుకుని పోతే చివరికి మన చింతూరులో తేలతాం. పడమటి దిక్కున కొలాబ్ నది. మనం శబరి అంటాం. ఆ నదికి అవతల ఛత్తీస్‌గఢ్. సంతలో వినబడేది దేశియా ఒడియా. అంగళ్ళ వెనకాల తెలుగు. కొండ దిగి వచ్చిన వాళ్ళు తమలో తాము మాట్లాడుకునే భాషలు వేరే ఉంటాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ నేల మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. గీత గీసిన మర్నాడు కూడా సంత జరిగే ఉంటుంది. గీత ఎటు పడ్డా ఉప్పు కావాలి కదా.

ఆ గీత మీదే నిలబడిన పెద్దమనిషి జయపురం మహారాజు విక్రమ దేవ్ వర్మ. తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన కవి. 1931లో గద్దెనెక్కారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేశారు. అయిదేళ్ళకి ఆయన సంస్థానం ఒడిశాలో కలిసింది. వాల్తేరులోని సైన్సు కళాశాలకి ఆయన పేరే పెట్టారు. రెండు భాషల మధ్య సమానంగా నిలబడాలంటే చెరో సగం పంచి ఇస్తే చాలదు. ఇచ్చాక కూడా ఇంకా ఇవ్వడానికి దగ్గర ఉండాలి. డబ్బు సంగతే కాదు, మనసు సంగతి కూడా అంతే. లేమిలో ఉన్నవాడు రెండు పక్కలా అనుమానంగానే చూస్తాడు.

మా పెదనాన్న సాలూరు నుంచి ఉప్పు, ఉల్లిపాయలు, ఎండుచేపలు ఘాట్ రోడ్డు మీదుగా తెచ్చి ఈ సంతల్లో అమ్మేవారు. తిరుగు ప్రయాణంలో చింతపండు, వలిసెలు, అల్లం, చోళ్ళు కొనుక్కుని దిగేవారు. మనం చోళ్ళన్నవే అక్కడివాళ్ళకి మాండియా, కోస్తాలోకి దిగితే రాగులు. 1958 నుంచి దేశంలో కిలోలు వచ్చినా, కొండ సంతల్లో కొలపాత్రలు అంత తొందరగా పోలేదు. మనకి కుంచం, అడ్డ, మానిక, తవ్వ, సోల, గిద్ద ఉన్నట్టే వాళ్ళకీ మాణ ఉంది. తూచే వస్తువుకీ కొలిచే వస్తువుకీ తేడా ఉంటుంది. తక్కెడ ముల్లు ఎక్కడ ఆగిందో అక్కడితో మాట అయిపోతుంది. మానిక మీద మాత్రం గింజలు గోపురంలా నిలుస్తాయి. చేత్తో చదును చేస్తే తలకొట్టు కొలత, గోపురం వదిలేస్తే నిండు కొలత. ఆ గోపురంలో ఎన్ని గింజలుండాలో ఏ చట్టమూ రాయలేదు.

అక్కడే కొసరు పుట్టింది. తూకం అయ్యాక చేత్తో తీసి పడేసే గుప్పెడు. అసలు కంటే కొసరు ముద్దని ఊరికే అన్నారా! అసలుకి డబ్బిచ్చాం, దాని మీద మనకి హక్కుంది. కొసరు మీద హక్కు లేదు, అందుకే ముద్దు. "తూకం దేవుడిది, కొసరు మనిషిది" అనేవారు పెదనాన్న. ఆ మాట విన్నప్పుడు బాగుందనుకున్నాను. పెద్దయ్యాక ఒక ప్రశ్న వచ్చింది. ఏ మనిషిది?

ఎందుకంటే సంతలో కొసరు రెండు దిక్కులా సమానంగా నడవదు. ఉప్పు అమ్మేటప్పుడు షావుకారు నాలుగు పలుకులు ఎక్కువ వేస్తాడు. చింతపండు కొనేటప్పుడు ఒక దోసెడు ఎక్కువ లాక్కుంటాడు. కొండ మీంచి తెల్లారకముందే బయల్దేరి బుట్ట మోసుకొచ్చిన ఆమెకి సాయంత్రంలోగా అది అమ్ముడుపోవాలి. తిరిగి మోసుకెళ్ళలేదు. షావుకారుకి ఆ తొందర లేదు. వచ్చే వారం కూడా సంత ఉంటుంది, వచ్చే వారం దాకా తినడానికి ఇంట్లో ఉంది. ఆ తొందర లేకపోవడమే అతని అసలు పడికట్టు రాయి. పళ్ళేల్లో కనబడదు కానీ ముల్లుని తిప్పేది అదే. పిసరంత మిగులున్నవాడూ ఏమీ మిగలనివాడూ బేరానికి కూర్చుంటే, తక్కెడ ఎంత నిక్కచ్చిగా ఉన్నా తూకం మాత్రం వంకరే.

తక్కెడ సంగతి తెలిసినవాళ్ళకి పాసంగం తెలిసే ఉంటుంది. రెండు పళ్ళేలూ ఖాళీగా ఉన్నప్పుడు సమానంగా లేకపోతే తేలిక వైపు ఒక చిన్న రాయో, ఇనపముక్కో కట్టి సరిచేస్తారు. అదే పాసంగం. సరుకు తూచకముందే తక్కెడని తూచాలన్న తెలివి అది. మన చట్టాలూ ఏర్పాట్లూ చాలావరకు ఇలాంటి పాసంగాలే. 1917లో మద్రాసు ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం ఏజెన్సీలకి ఒక చట్టం చేసింది. కొండ జాతుల మనిషికిచ్చిన అప్పు మీద వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదు, చక్రవడ్డీ వేయకూడదు, వడ్డీ మొత్తం అసలును మించకూడదు, వాళ్ళ భూమి అనుమతి లేకుండా బయటివాళ్ళ చేతుల్లోకి పోకూడదు. అప్పుడు ఈ కొండలన్నీ విశాఖపట్నం ఏజెన్సీలోవే. అంటే తక్కెడ ఎటు వంగి ఉందో దొరలకి కూడా కనబడిందన్నమాట.

కాగితం మీద పాసంగం కట్టినా గోతి మాత్రం చాలాకాలం పోలేదు. గోతి అంటే అప్పు కింద మనిషే చాకిరీకి వెళ్ళడం. తెలుగు చెవికి ఆ మాట గొయ్యిలా వినబడితే తప్పు చెవిది కాదు. కోరాపుట్‌లో అధికారిగా పనిచేసిన గోపీనాథ్ మొహంతి 1945లో రాసిన 'పరజా' నవలంతా ఈ గొయ్యి లోతు కొలవడమే. ఒక తండ్రి, ఇద్దరు కొడుకులు చిన్న మొత్తాలకి చాకిరీలో దిగి, ఎంత చేసినా తీరని లెక్కలో మునిగిపోతారు. ఆ లెక్కలో కూడా బ్యాలెన్స్ ఉంటుంది. ఎప్పుడూ ఉంటుంది, అదే బాధ. షావుకారు పుస్తకంలో రెండు పక్కలూ చక్కగా సరిపోతాయి. తేడా వచ్చిన అంకెని పాలేరు వయసులోంచి కోసి తెచ్చి అక్కడ పెడతారు. వెట్టి చాకిరీని దేశమంతటా రద్దు చేస్తూ చట్టం వచ్చింది 1976లో. బ్యాలెన్స్ అన్న మాటకి నిల్వ ఒక అర్థం, బాకీ ఇంకో అర్థం అని నిఘంటువు పక్కపక్కనే రాసేస్తుంది. ఆ రెండింటి మధ్యనే ఒక మనిషి బతుకు ఉంటుంది.

మరి నిల్వ అంటే ఏమిటో చెప్పిన మనిషి ఈ బ్లాకులోనే పుట్టింది. పత్రాపుట్ ఊరి కమలా పూజారి. బడి మొహం చూడని ఆదివాసీ రైతు. ఇల్లిల్లూ తిరిగి, ఊరూరూ తిరిగి వందకు పైగా నాటు వరి రకాల విత్తనాలు సేకరించి కాపాడింది. జయపురంలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్‌తో కలిసి పనిచేసింది. 2019లో పద్మశ్రీ వచ్చింది. 2024 జులైలో కన్నుమూసింది. ఆమె దాచిన వస్తువుని బ్యాంకులో వేయలేం, తాకట్టు పెట్టలేం. ప్రతి ఏడూ నేలలో పోసి మళ్ళీ తీసుకోవాలి. ఖర్చు పెడితేనే నిలిచే నిల్వ ఈ లోకంలో విత్తనం ఒక్కటే.

ఈ సీమలో వరి ఎన్ని రకాలో తెలుసుకోవాలని కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థవాళ్ళు 1955 నుంచి కొన్నేళ్ళు జయపురం ప్రాంతమంతా తిరిగారు. 1,745 నమూనాలు చేతికొచ్చాయి. కొండ వాలు మీద వర్షాధారంగా త్వరగా పండేవి కొన్ని, లోయ అడుగున నీళ్ళలో నిలబడి ఆలస్యంగా పండేవి కొన్ని. మచ్చకంట, హల్దీచూడి, కాలాజీరా లాంటి పేర్లు. ఇన్ని రకాలు ఎందుకని పట్నం మనిషికి అనిపిస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ దిగుబడిచ్చే ఒక్క రకం పట్టుకుంటే సరిపోదా? వానలు బాగా కురిసిన ఏడు సరిపోతుంది. కురవని ఏడు ఆ ఒక్కటీ పోతే అంతా పోతుంది. మెట్టలోది ఎండినా పల్లంలోది చేతికొస్తుంది, పల్లంలోది మునిగినా మెట్టలోది గట్టెక్కిస్తుంది. నాలుగు రకాలు వేసే రైతు ఏ ఏడూ అందరికన్నా ఎక్కువ పండించడు. ఏ ఏడూ పస్తూ ఉండడు. ఆ వదులుకున్న నాలుగు బస్తాలే అతని సమతూకం ఖరీదు. 2012లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని ప్రపంచ స్థాయి వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. కాలాజీరా బియ్యానికి ఈమధ్యే భౌగోళిక గుర్తింపూ వచ్చింది.

ఊరి విత్తన నిధిలో లెక్క ఇలా నడుస్తుంది. విత్తనం తీసుకున్నవాడు పంట వచ్చాక తీసుకున్నదానికి మరి కొంత కలిపి తిరిగిస్తాడు. ఈ 'మరి కొంత' కూడా వడ్డీయే, గోతి షావుకారు వేసిందీ వడ్డీయే. కూడికలో తేడా లేదు. తేడా అంతా అది ఎక్కడికి వెళ్తుందన్న దాంట్లో ఉంది. ఒకటి ఒకడి గాదెలో పోగుపడుతుంది. రెండోది వచ్చే ఏడు విత్తనం లేనివాడి చేతిలో పడుతుంది. కొసరు ఎటు నడవాలో విత్తన నిధికి తెలుసు.

సరిసగం పంపకం న్యాయమని మనకో గట్టి నమ్మకం. దానికి ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఉదాహరణ ఉంది, మాచ్‌ఖండ్. డుడుమ జలపాతం దగ్గర 1955లో కరెంటు తీయడం మొదలుపెట్టిన ఈ కేంద్రం ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి. 120 మెగావాట్లు. మొదట్లో ఆంధ్రకి 70, ఒడిశాకి 30 వంతున వాటా. తర్వాత అది సగం సగమైంది. రెండు రాష్ట్రాల ఇంజనీర్లూ కూర్చుని తేల్చుకున్న లెక్క అది, అందులో పేచీ లేదు. అయితే జలాపుట్ ఆనకట్ట వెనక నీళ్ళలో ఊళ్ళు మునిగినవాళ్ళు ఈ పళ్ళెంలో లేరు, ఆ పళ్ళెంలోనూ లేరు. రెండు పళ్ళేలూ సరిగ్గా ఉన్నాయని సంతోషించేముందు బయట ఎవరు మిగిలారో చూడాలి. అలా బయట మిగిలినవాళ్ళు ఏ లెక్కకైనా తీరని బాకీ.

తులాభారం కథ మనందరికీ తెలుసు. 1966 సినిమాలో జమున నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ సత్యభామ ఇంకా కళ్ళముందే ఉంది. నగలన్నీ పోసినా కృష్ణుడి పళ్ళెం లేవలేదు, రుక్మిణి వేసిన ఒక్క తులసిదళంతో లేచింది. భక్తి గొప్పదని చెప్పడానికి ఆ కథ చెబుతారు, నిజమే. నాకు మాత్రం అందులో ఒక వ్యాపార రహస్యం కూడా కనబడుతుంది. తూకాన్ని తేల్చింది కుప్పలు కావు, చివరగా పడిన కొసరు.

తక్కెడ గురించి సైన్సు మాట కూడా ఒకటుంది. దండె బరువు కేంద్రం అది వేలాడే చోటుకి కొంచెం కిందుగా ఉండాలి. పైకి పోతే చిన్న గాలికే తిరగబడుతుంది. మరీ కిందికి దిగితే మొద్దుబారి గుప్పెడు సరుక్కి కదలదు. మంచి తక్కెడ ఊగుతుంది, ఊగి ఊగి ఆగుతుంది. తుప్పు పట్టినదే ఎప్పుడూ నిటారుగా ఉంటుంది. మనిషి ఒళ్ళూ అంతే. కదలకుండా నిలబడ్డామనుకుంటాం గానీ ప్రతి క్షణం ముందుకీ వెనక్కీ పిసరంత ఊగుతూనే ఉంటాం. లోపలి చెవిలోని అర్ధవలయ నాళాలూ, కళ్ళూ, అరికాళ్ళూ కబుర్లు పంపుతుంటే కండరాలు సరిచేస్తూ ఉంటాయి. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడితే ఆ పని ఎంతో తెలుస్తుంది. తల మీద బుట్ట, చంకలో బిడ్డతో రాళ్ళబాటలో దిగే మనిషిని చూస్తే అలా సర్దుకోవడం ఎంత పెద్ద విద్యో తెలుస్తుంది.

అందుకే స్థిమితం అంటే కదలకపోవడమని నేననుకోను. దుఃఖం వస్తే వంగాలి, సంతోషం వస్తే తూలాలి. మళ్ళీ నిటారుగా రావడానికి కాస్త జాగా ఉండాలి, అంతే. ఆ జాగా ఉద్యోగంలో సెలవు, బ్యాంకులో నాలుగు రూపాయలు, వాకిట్లో కూర్చోబెట్టి మాట్లాడే పొరుగువాడు. పొద్దున అయిదు నుంచి రాత్రి పదకొండు దాకా ప్రతి నిమిషాన్నీ లెక్కగట్టి వాడుకునేవాణ్ణి చూసి బ్యాలెన్స్ ఉన్నవాడని మెచ్చుకుంటున్నాం. వాడి రోజులో కొసరు లేదు. ఒక్క జ్వరం వస్తే మొత్తం కూలుతుంది.

అడవికీ ఇదే లెక్క. బొయిపరిగుడ బ్లాకులోనే శబరి ఒడ్డున సున్నపురాతి గుహలో గుప్తేశ్వరుడున్నాడు. ఆ లింగం పెరుగుతోందని భక్తుల నమ్మకం. శివరాత్రికి మూడు రాష్ట్రాల జనం అక్కడే. ఆ గుడిని ఆనుకున్న 350 హెక్టార్ల అడవిని 2024లో ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. దేవుడి పేరుతో ఇన్నాళ్ళూ నరకకుండా వదిలేసిన చెట్లవి. ఎవరి లెక్కలోనూ రాకుండా వదిలేసినది ఇప్పుడు అందరి నిల్వ అయింది.

నా తీర్పు ఇది. సమతూకం అంటే సగం సగం కాదు, మిగులు సరైన చోట ఉండడం. ఏమీ మిగలనివాడికి నిలకడ ఉండదు. అంతా ఒకడి దగ్గరే మిగిలితే ఊరికి నిలకడ ఉండదు. ఇక సంతకెళ్ళేవాళ్ళకి ఒక మనవి. బొయిపరిగుడ కానీయండి, రాయగడ కానీయండి, మీ ఊరి రైతుబజారు కానీయండి, కొండ మీంచో పల్లె నుంచో మోసుకొచ్చినవాళ్ళ దగ్గర కొనేటప్పుడు ముల్లు పూర్తిగా ఆగేదాకా ఆగండి. తూకం సరిగ్గా అడగండి, అది మీ హక్కు. కొసరు మాత్రం అడగకండి. ఈసారికి దాన్ని వాళ్ళ బుట్టలోనే ఉండనివ్వండి.